కరెంటు పోతే లేపు, వస్తే లేపు

మొన్న మంగళవారం పొద్దున మా ఎదురింటి ఆయమ్మ చనిపోయింది. నిద్రలోనే పోయింది. పాలు పోసే ఆమె వచ్చి పిలిచి, పలకకపోయేసరికి తలుపు నెట్టి చూసి, మా ఇంటి వైపు తిరిగి కేక పెట్టింది. నేను బడికి వెళ్లడానికి చీర కట్టుకుంటున్నాను. సగం కుచ్చిళ్లు చేత్తో పట్టుకునే పరుగెత్తాను.

నర్మెట్టలో ఆమెను అందరూ ఆయమ్మ అనే పిలిచేవాళ్లు. సర్కారు దవాఖానలో కాన్పుల వార్డులో ఏళ్ల తరబడి ఆయాగా చేసి, రిటైరయ్యాక మా వాడకట్టుకు వచ్చింది. ఒక్కడే కొడుకు, భూపాలపల్లిలో బొగ్గుబావిలో పని. తన దగ్గరే ఉండమని అతను ఎంత బతిమాలినా, "నీ క్వార్టర్ల నాకు గాలి ఆడది బిడ్డా" అని నెలకోసారి వెళ్లి చూసి వచ్చేది. ఆమె సంచిలో ఎప్పుడూ ఒక సబ్బుముక్క ఉండేది. ఎవరింట్లో పసిబిడ్డ ఉన్నా, ముందు మోచేతుల దాకా చేతులు కడిగాకే పలకరింపు.

ఆమె గురించి రాయాలంటే ముందు నా తప్పు గురించి రాయాలి.

మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. మా అమ్మ కూలికి పోయి మమ్మల్ని నలుగురిని సాకింది. నేను బి.ఇడి. చేసిన తర్వాత మా ఇంట్లో ఒక కొత్త అలవాటు మొదలైంది. మందుబిళ్ల అయినా, విత్తనాల సంచి అయినా, నేను చెప్పిందే మాట. "అది సదువుకున్నది" అని అమ్మ అంటే ఇక ఎవరూ నోరెత్తేవారు కాదు. నాకూ అది గర్వంగానే ఉండేది.

నా బిడ్డ సమ్మె రోజుల్లో పుట్టింది. తెలంగాణ రాష్ట్రం కోసం బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, మండలాఫీసు ముందు రోజూ శిబిరం. జనగామలో కాన్పయి మూడో నాడు ఆటోలో, ఇప్పుడు నేనుంటున్న ఈ అమ్మగారింటికే వచ్చాం. మా ఆయన పెద్దవంగర నుంచి బండి మీద వచ్చి, బిడ్డను చూసి, మర్నాడు దీక్షలో కూర్చునే వంతు తనదని వెళ్లిపోయాడు.

బిడ్డ బంగారు బొమ్మలా పడుకునేది. రొమ్ము నోట్లో పెడితే రెండు చప్పరింపులు, అంతే, మళ్లీ నిద్ర. పసిబిడ్డలు రోజులో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటారని, ఆ నిద్రలోనే పెరుగుతారని నేనెక్కడో చదివాను. అందుకని ఇంట్లో ఆజ్ఞ వేశాను: బిడ్డను ఎవరూ లేపొద్దు. గాజులు చప్పుడవుతాయని అమ్మ వాటిని మోచేతి పైకి తోసుకుని దారంతో కట్టుకుంది. కిటికీకి దుప్పటి వేలాడింది. గదిలో కుంపటి, బిడ్డకు రెండు బొంతలు. చూడవచ్చిన ఆడవాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపే లేదు" అని మెచ్చుకుని వెళ్లారు. నా రొమ్ములు రాళ్లలా గట్టిపడి సలుపుతుంటే పళ్లు బిగించి పడుకున్నాను. బిడ్డ లేచినప్పుడు ఇద్దామనుకున్నాను. బిడ్డ లేవలేదు.

ఐదో నాడు మధ్యాహ్నం ఆయమ్మ వచ్చింది. కొడుకు దగ్గరికి పోయి బస్సుల్లేక అక్కడే చిక్కుకుపోయిందట. సగం దూరం లారీ మీద, సగం ట్రాక్టరు మీద వచ్చి, తన ఇంటి తాళం కూడా తీయకుండా మా వాకిట్లోకి వచ్చింది. బిడ్డ ఎలా ఉందని అడగలేదు. వాకిట్లో దండెం వైపు చూసింది.

"గుడ్డలేవి చెల్లె?"

"పిల్ల మంచిదక్కా, ఎక్కువ తడుపుతలేదు" అంది అమ్మ మురిపెంగా.

ఆయమ్మ సంచి కింద పెట్టి, సబ్బు తీసి చేతులు కడగడం మొదలుపెట్టింది. అక్కడినుంచే నన్ను అడిగింది.

"పొద్దటికెల్లి ఎన్నిసార్లు తాగింది?"

"పండుకున్నది ఆయమ్మా. లేచినంక ఇస్త."

"లేవకపోతే?"

"పసిపిల్లలు గట్లనే పంటరట. నేను సదివిన."

"నువ్వు సదివింది నిజమే బిడ్డా. గని పిల్ల సదువలె గద! ఆకలైతే లేవాలెనని దానికెవ్వరు జెప్పిండ్రు? లేవనీకి గూడ బలం గావాలె." అమ్మ వైపు తిరిగింది. "నలుగురిని సాదినవు. నీకన్న తెల్వదా చెల్లె?"

అమ్మ తల వంచుకుంది. "తెలుసక్కా. గని అది సదువుకున్నది గద."



ఆయమ్మ నన్ను తిట్టలేదు. కుంపటి బయట పెట్టించింది, కిటికీ దుప్పటి లాగేసింది, బొంతలు విప్పింది. వెలుగులో చూస్తే బిడ్డ ఒంట్లో పసుపు ఛాయ, పెదాలు ఎండి ఉన్నాయి. బట్టల్లేని బిడ్డను నా ఒట్టి ఛాతీ మీద పడుకోబెట్టింది. చూపుడువేలు వంచి, బొటనవేలి మీది నుంచి బిడ్డ అరికాలును చిన్నగా మీటింది. కదల్లేదు. రెండో కాలు మీటింది. బిడ్డ ముఖం ముడుచుకుంది. "ఒక కాలికి లేవకపోతే ఇంకో కాలున్నది గద. దేవుడు రెండిచ్చింది గందుకే" అని నవ్వింది. ఉగ్గుగిన్నెలో నాతో పాలు పిండించి, ఒక చుక్క బిడ్డ పెదవి మీద రాసింది. నోరు పెద్దగా తెరిచినప్పుడు, చనుమొనే కాదు, చుట్టూ నల్లని భాగమంతా నోట్లోకి పోయేలా బిడ్డను దగ్గరికి తెచ్చింది. "దవుడ ఆగినప్పుడల్ల రొమ్ము జర ఒత్తు. పాలు నోట్ల వడితే మింగక ఏం జేస్తది?"

అప్పుడే చూడవచ్చిన ఒకామె గడప దగ్గర నిలబడి, "సదివి సదివి పాలెండినయేమో. డబ్బా పాలు తెప్పియ్యరాదు" అంది.

"పాలు కండ్లల్ల ఉంటయా అక్కా, సదివితే ఎండనీకి?" అంది ఆయమ్మ, తలైనా ఎత్తకుండా. నొప్పితో ఉన్నదాన్ని నేను కూడా నవ్వాను.

ఆ సాయంత్రం ఆయమ్మ బిడ్డను తూచాలంది. అమ్మకు గుండె ఆగినంత పనైంది. బిడ్డను తూస్తే దిష్టి అని మా వాళ్ల నమ్మకం.

"తూకం గాదు చెల్లె, మొక్కు. మేడారం అమ్మవార్లకు పిల్లెత్తు బంగారం."

బంగారం అంటే బెల్లం. జాతరలో మనిషి బరువుకు సరితూగేంత బెల్లం ఇవ్వడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. అమ్మ ఇక కాదనలేకపోయింది. దుకాణం మా గోడ అవతలే. పురిటిదాన్ని కాబట్టి నేను గడప దాటలేదు, మాటలు మాత్రం వినబడ్డాయి.

"ఆయమ్మా, బంద్ల షట్టర్ లేపితే పోరగాండ్లు నా మీద వడ్తరు" అన్నాడు సేటు.

"బందు అమ్మకానికి సేటూ, మొక్కుకు గాదు. సగమే లేపు."

తక్కెడ చల్లని ఇనుప పళ్లెం వీపుకు తగిలిందేమో, నా బిడ్డ కెవ్వుమంది. పుట్టాక అంత గట్టిగా ఏడవడం అదే మొదలు. గోడకు ఇవతల కూర్చున్న నాకు రవిక ముందంతా తడిసిపోయింది. పాలు ఎండలేదు. పిలిచేవాళ్లు లేక ఆగాయి, అంతే.

ఆ బెల్లం ముద్దను ఆయమ్మ గుడ్డలో మూటకట్టి మా దూలానికి వేలాడదీసింది. తర్వాత ఒక గడువు పెట్టింది. "రేపు పొద్దుగూకేటాలకు దండెం మీద ఆరు గుడ్డలు జూడాలె. లేకపోతే బండి మాట్లాడి జనగామ పోవుడే. సమ్మె లేదు గిమ్మె లేదు."

నేను నోటుపుస్తకం తీసి వేళలు రాయబోయాను. ఆమె పుస్తకం మూసేసింది. "గడియారం జూసుకుంట కూసుంటే పిల్లనెప్పుడు జూస్తవ్? కరెంటు పోతే లేపు, వస్తే లేపు." బొగ్గుబావులు కూడా సమ్మెలో ఉండి, అప్పుడు మాకు రెండేసి గంటలకు కరెంటు వస్తూ పోతూ ఉండేది. "నా కొడుకు బావిల దిగకపోవట్టి నీ బిడ్డకు పాలు దొర్కుతున్నయ్" అని ఆమె మురిసిపోయేది. ఫ్యాన్ ఆగితే చాలు, ఎదురింటి నుంచి కేక వినబడేది. "లెవ్వవే బిడ్డా, కరెంటు వోయింది!"

మర్నాడు పొద్దుగూకే వేళకు అమ్మ దండెం కింద నిలబడింది. ఐదు గుడ్డలే ఉన్నాయి. మళ్లీ చూసుకుంది. ఐదే. నేను మంచం మీదే లేచి కూర్చున్నాను. ఆటోకు ఎవరిని పంపాలా అని అమ్మ వాకిట్లోకి నడుస్తుండగా, గడప మీద బిడ్డనెత్తుకుని కూర్చున్న ఆయమ్మ "చెల్లే, ఆగు" అంది. ఒడి వైపు చూసుకుని తడిసిన కొంగు పైకెత్తింది. "ఆరోది నా కొంగు!"

వారం తిరిగాక మళ్లీ దుకాణానికి తీసుకెళ్లింది. ఒక పళ్లెంలో అదే బెల్లం మూట, ఇంకో పళ్లెంలో బిడ్డ. ఈసారి బిడ్డ పళ్లెం కిందికి దిగింది. సేటు అనుమానంగా మూట విప్పి చూశాడట. "చీమలు దిని బెల్లం తగ్గిందేమో ఆయమ్మా."

"గిన్ని బెల్లం దినే చీమలు నీ దుకాణంలనే ఉంటయ్. కలుపు సేటూ, మొక్కు మొక్కే. ఇంకో ముక్క కలుపు. ఇంకో ముక్క!"

ఆ గొంతులోని సంతోషం గోడ దాటి వచ్చి నన్ను తాకింది. జాతర నాటికి మొక్కు ఎంత పెరిగిందంటే, ఆ బంగారాన్ని మా ఆయన భుజం మీద మోయాల్సి వచ్చింది. బిడ్డను మాత్రం అమ్మవార్ల గద్దెల దాకా ఆయమ్మే ఎత్తుకుంది.

బిడ్డకు నడక వచ్చాక, ఆమె ఏ ఇంటికి పసిబిడ్డను చూడబోయినా నా కూతురు ఆమె కొంగు పట్టుకుని వెంట వెళ్లేది. పక్కన కూర్చుని ఆమె చేతులు కడగడం చూసేది, అరికాళ్లు మీటడం చూసేది. బళ్లో పిల్లలకు నేను ఏది చెప్పినా, ఇప్పుడు చివర ఒక మాట అడుగుతాను: మీ ఇంట్లో దీన్ని ఎలా చేస్తారు? అది నాకు బి.ఇడి.లో ఎవరూ నేర్పలేదు.

రెండేళ్లు తిరిగి, వచ్చే నెల మళ్లీ జాతర. ఢిల్లీలో రాష్ట్రం బిల్లు అంటున్నారు. "రాష్ట్రమొచ్చినంక అమ్మవార్లకు నేనే ఇస్త నిలువెత్తు బంగారం. నేను బక్కదాన్ని, ఖర్చు గూడ తక్కువ" అని ఆయమ్మ పోయిన వారమే నవ్వింది.

మంగళవారం నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె పక్కకు తిరిగి పడుకుని ఉంది. అప్పటిదాకా లేని కరెంటు అప్పుడే వచ్చి, పైన ఫ్యాన్ మెల్లగా తిరగడం మొదలైంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే చేరుతున్నారు. నా కూతురు ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. చూసేసరికి మంచం చివర, ఆయమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. చూపుడువేలు వంచి, బొటనవేలి మీది నుంచి ఆమె అరికాలును మీటుతోంది.

"ఆయమ్మా, లెవ్వు. కరెంటొచ్చింది."

కాసేపు చూసి, ఆమె నేర్పినట్టే, పిల్ల రెండో కాలు వైపు జరిగింది.