ఇంటికెళ్లే పాట

గల్ఫ్‌లో, హూరా అనే పేటలో నేను పనిచేసే జపాన్ వాళ్లింట్లో పాప బడిపాట పాడుతోంది. చేతిలో గిన్నె ఆగిపోయింది. మా మిషన్ బళ్లో ఇంటిగంటకి ముందు పాడించే పాట రాగమే అది. అదే మేడంతో అన్నాను.

"ఒకప్పటి చర్చి రాగమే. మా బడుల్లో మాటలు మార్చుకున్నారు," అంది మేడం.

మా ఊళ్లో మాటలూ మార్చలేదు. నా చిన్నప్పుడు అమ్మని పాతిపెట్టేటప్పుడు అదే పాట ఎత్తుకున్నారు. అయిపోగానే ఇంటికేగా అని అందరికన్నా గట్టిగా పాడాను. పెట్టె మీద మట్టి పడుతుంటే అమ్మమ్మ కొంగు లాగాను.

"పాటయిపోయిందిగా, అమ్మని లెగమనవే! ఇంటికెల్దాం."

"ఇంకో చరణం ఉందే నా తల్లీ," అంది అమ్మమ్మ.

లేదని నాకు తెలుసు. అయినా మొదటిదే మళ్లీ ఎత్తుకున్నాను.

ఇక్కడ పాప పాట ముగించి వాళ్లమ్మ దగ్గరికి పరిగెత్తింది. నేను కుళాయి పెద్దగా తిప్పాను.