మా చెల్లెలి పెళ్ళికి సోప్రానినో గట్టిమేళం

మొన్న మా ప్రగతి నగర్ అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో పుణ్యాత్ముడు, రోజూ సాయంత్రం నాలుగో అంతస్తులో ఎవరింట్లోనో కుక్కరు విజిలు ఆగకుండా కూస్తోంది, స్టవ్ కట్టేయడం మరిచిపోతున్నారేమో చూసుకోండి అని పెట్టాడు. దాని కింద ఇంకొకావిడ, అది కుక్కరు కాదండి, లిఫ్టుకు నూనె వేయించండి అని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కుక్కరట, లిఫ్టట! రిటైరయ్యాక రోజూ ఆ వేళకు కూర్చుని నేను వాయించేది కేదారగౌళ రాగం. కాసేపు రుసరుసలాడి, చివరికి నాకే నవ్వొచ్చి, ఆ కూతకు ఒకప్పుడు జరిగిన మర్యాదేమిటో కనీసం నా ఈడు వాళ్ళకైనా చెప్పుకోవాలనిపించింది.

నా దగ్గరున్నది సోప్రానినో అనే సాక్సోఫోన్. సాక్సోఫోన్ అనగానే మెడకు పట్టీ వేసుకుని మోసే, వంపు తిరిగిన పెద్ద వాయిద్యం గుర్తొస్తుంది కదా, ఆ వంశంలో ఇది బుల్లిది. మూరెడు పొడవు, సన్నాయిలా నిటారుగా, ఒళ్ళంతా ఇత్తడి మీటలతో ఉంటుంది. చూడ్డానికి పిల్లల బొమ్మే గానీ ఊదితే దాని గొంతు పెద్ద వాయిద్యాలన్నిటి నెత్తి మీద నుంచి వినిపిస్తుంది. సరిగ్గా లొంగదు కూడాను. పెదవి రవంత సడలిందా, స్వరం జారిపోయి పదిమందిలో పరువు తీస్తుంది.

మాది కడప జిల్లాలో నాదస్వరం ఇల్లు. నాయన వాయించని పెళ్ళి మా చుట్టుపక్కల పెళ్ళి కిందే లెక్క కాదనేవారు. మేమిద్దరం ఆడపిల్లలమే. నాయన నాకు స్వరాలు నేర్పాడు, రాగం పాడించాడు, తాళం తప్పితే తొడ మీద ఒక్కటిచ్చాడు కూడా. కానీ నాదస్వరం మీద చెయ్యి వెయ్యబోతే మాత్రం, నీకెందుకుమే అది, మంగళవాద్యం ఆడది పడితే నలుగురూ నవ్వుతారు అని లాగేసుకునేవాడు. నేను సర్టిఫికెట్లు పట్టుకుని హైదరాబాదు వచ్చి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకు ముందుపళ్ళు ఊడిపోయి, ఊదడం మానేసి, నాదస్వరాన్ని పట్టుగుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. ఇంక దాన్ని దించేవాళ్ళు ఇంట్లో లేరన్న దిగులు ఆయనకూ ఉండేది, నాకూ ఉండేది. ఆయన దిగులుకు మందు నేనేనని ఆయనకు తట్టకపోవడమే నా ఏడుపు.

ఆఫీసు వాళ్ళు ఒకసారి నన్ను కొన్ని నెలలు జర్మనీ పంపించారు. తోటివాళ్ళంతా కెమెరాలూ చాక్లెట్లూ కొనుక్కుంటుంటే, నేను ఒక పాత సామాన్ల కొట్టు అద్దం వెనక ఇత్తడి సన్నాయిలాంటి దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను. కొట్టతను చేతికిచ్చాడు. నా పొట్టి వేళ్ళకు మీటలన్నీ ఎవరో కొలత తీసి అమర్చినట్టు అందాయి. ఇంకేం కావాలి, చీరల మధ్య దాచి తెచ్చుకున్నాను.

అప్పుడు హఫీజ్‌పేట్‌లో ఒక గదిలో కిరాయికి ఉండేదాన్ని. ఇంటి యజమానురాలు మూడు రోజులు ఓర్చుకుని నాలుగో రోజు తలుపు కొట్టి, "గిదేంది బిడ్డా, పొద్దుగాల్నే గిట్ల పీకుతున్నవ్? మా బర్రె పాలిస్తలేదు!" అని మొత్తుకుంది. బర్రెకు నాకు కుదరదని తేలాక, సెలవు రోజుల్లో కాలనీ వెనక బండల మీదికి వెళ్ళి సాధన చేసేదాన్ని. నోట్లో పెట్టుకుని ఊదే ముక్కకు బిగించే పీక, అంటే పలచటి వెదురులాంటి రెల్లు ముక్క, ఈ కొలతలో ఎక్కడా దొరికేది కాదు. బ్యాండు మేళాల వాళ్ళ కొట్లో క్లారినెట్ పీకలు తెచ్చి, అంచులు బ్లేడుతో గీకి సరిచేసుకునేదాన్ని. ఎన్ని పాడు చేశానో ఆ బండలకే తెలియాలి. ఏ గమకం ఎలా పలకాలో నాయన చెవిలో పోసిందే కాబట్టి, మెల్లగా ఆ జర్మనీ దొరసాని చేత నాట, ఆనందభైరవి పలికించాను.

అంతలో చెల్లెలికి సంబంధం కుదిరింది. అబ్బాయి ఇక్కడే ఉద్యోగం కాబట్టి పెళ్ళి బాచుపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టుకున్నారు. నాయన కాళ్ళా వేళ్ళా పడ్డాను. మొత్తం పెళ్ళి వద్దు, తాళి కట్టే వేళ గట్టిమేళం ఒక్కటి నన్ను వాయించనివ్వమన్నాను. నాయన నా సోప్రానినోను ఒకసారి తిప్పి చూసి, జాతరలో అమ్మే బూరతో నా కూతురికి గట్టిమేళమా, మగపెళ్ళివాళ్ళ ముందు నా తల తీసేస్తావా ఏంది అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు నేను. చెల్లెలు మాత్రం, పోనీలే అక్కా, పెళ్ళికూతురి గదిలో నాకొక్కదానికే వాయించు అంది. అందుకే పెళ్ళినాటి ఉదయం దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళాను.

ఆ హాలుకు మేళం హాలువాళ్ళదే, బయటివాళ్ళను రానివ్వరు. పైగా అది పెద్ద ముహూర్తం, పై అంతస్తులో మాది, కింద ఇంకొకరిది. ముహూర్తాల మధ్య కాస్త ఎడం ఉంది కదా అని ఆ మేళంలో సన్నాయి ఆయన రెండు పెళ్ళిళ్ళూ ఒప్పేసుకున్నాడు. కింద తాళి కట్టించి మెట్లెక్కి వచ్చేస్తానని ఒక డోలు అతన్ని మా దగ్గర వదిలి దిగిపోయాడు. వచ్చేవాడే పాపం, కానీ కింద తాళి కట్టడం సరిగ్గా పడలేదని వీడియో వాళ్ళు మళ్ళీ మళ్ళీ కట్టిస్తున్నారట, ఆయన్ను కదలనివ్వలేదు.

పైన పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం, గట్టిమేళం అన్నాడు. డోలు ఒక్కటే మోగింది. సన్నాయి లేని డోలు పెళ్ళిలో ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుసు. తాళి కట్టే క్షణంలో ఏ తుమ్మూ, ఏ ఏడుపూ వధూవరుల చెవిన పడకూడదనే కదా గట్టిమేళం పెట్టింది, ఇక్కడ వంటవాళ్ళ గిన్నెల చప్పుడూ, ఎవరి పిల్లాడి ఏడుపో స్పష్టంగా వినిపిస్తున్నాయి. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని ఆగిపోయాడు. జీవితమంతా ఊరి పెళ్ళిళ్ళకు మంగళధ్వని పోసిన మా నాయన, సొంత కూతురి పెళ్ళిలో పీటల మీద కూర్చుని, పళ్ళు లేని నోటితో అటూ ఇటూ చూశాడు. ఆ చూపు వచ్చి నా సంచి మీద ఆగింది.

"ఏమ్మే పెద్దమ్మీ, అట్లా చూస్తాండావేమి? తియ్! ఊదు!"

పీక ఎండిపోయి ఉంది. నాలుకతో తడిపీ తడపకుండానే ఊదేశాను. కీచుమంది. ఎవరో కిసుక్కున నవ్వారు. డోలు అతను నావైపు వంగి, "జర ధైర్యంగ ఊదక్కా, నేనున్న!" అని దరువు పెంచాడు. అంతే, నాకు పట్టుదల వచ్చేసింది. నాట రాగంలో పై షడ్జం పట్టుకుని వదిలాను చూడండి, ఆ మూరెడు బూర గొంతు హాలు కప్పు తాకి వచ్చింది! గిన్నెలు లేవు, ఏడుపు లేదు, నవ్వూ లేదు. మూడు ముళ్ళూ పడేదాకా ఊపిరి ఎక్కడ తీసుకున్నానో నాకే తెలియదు. అక్షింతలు నా మీద కూడా పడుతుంటే, నాయన పీట మీద కూర్చునే తొడ మీద తాళం వేస్తున్నాడు, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం కూడా లేదు. ఆ సంతోషం నాకు మళ్ళీ ఏ ప్రమోషనులోనూ దొరకలేదు. ఒగర్చుకుంటూ వచ్చిన సన్నాయి ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, నేను ముగించేదాకా లోపలికి రాలేదు.

బాగా వాయించావు అని నాయన ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. కొన్నాళ్ళకు మాత్రం ఆఫీసుకు ఫోను చేశాడు. మా ఊళ్ళో ఫలానా వాళ్ళింట్లో పెళ్ళి, మేళం మాదే, మా పెద్దమ్మి వస్తుందని చెప్పేశాను, లీవు పెట్టుకో అన్నాడు. వీలవుతుందా అని అడగలేదు, ముహూర్తం చెప్పి పెట్టేశాడు. మేనేజరుకు ఏం చెప్పానో గుర్తులేదు గానీ ఆ సాయంత్రం బస్సెక్కాను. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళకు అలా మాటిచ్చేశాడో! ప్రతిసారీ విసుక్కున్నాను, ప్రతిసారీ వెళ్ళాను.

ఇప్పుడా బండల చోట ఆకాశమంత టవర్లు లేచాయి. పెళ్ళిళ్ళలో పురోహితుడు చెయ్యెత్తితే స్పీకర్లు మోగుతున్నాయి, రంగు కాగితాలు ఎగురుతున్నాయి, తాళి ఎప్పుడు పడిందో వెనక వరుసల వాళ్ళు తెర మీద చూసుకుంటున్నారు. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నన్నూ పిలుస్తారు. ఎంతో మర్యాదగా, మేడమ్, ఆ రోజు మీకు వీలవుతుందా అని అడుగుతారు. వీలు చూసుకుని చెబుతానంటాను. నన్నడక్కుండా నా తరఫున మాటిచ్చేసే మనిషి ఇప్పుడు లేడు.