గంట లేని సైకిలు

పాల ప్యాకెట్లు పట్టుకొని గల్లీలోకి వచ్చేసరికి పక్కింటమ్మ మా మెట్ల మీద కూర్చొని ఉంది. పొద్దున్నే అట్లా కూర్చునే మనిషి కాదు. నన్ను చూసి లేచింది.

"అన్నయ్యగారూ, మీ శిష్యుడు లేవట్లేదండీ. మీరొకసారి పిలవండి. మీ గొంతు వింటే లేస్తారేమో."

పక్కింటాయన మంచం దగ్గరికి పోయి పిలిచాను. "సారూ, ఎండెక్కుతుంది, ఇంకెప్పుడు బయలుదేరుతరు?" అన్నాను. చెయ్యి ముట్టుకున్నాక మళ్ళీ పిలవలేదు. ఆ రోజే ఆయన గోదావరి పక్కనున్న అడవికి పోవాలి. సంచులు సర్ది తలుపు దగ్గర పెట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రం నేను గాలి కొట్టి ఇచ్చిన సైకిలు గోడకు ఆనించి ఉంది.

నేను ఏడో తరగతి దాకా మా ఊరి బళ్ళో చదువుకున్నాను. నలుగురిలో మాట్లాడమంటే నోరు పెగలదు. పెద్దకర్మ నాడు అందరూ ఆయన గురించి తలా ఒక మాట చెప్పారు. నా వంతు వచ్చేసరికి మంచినీళ్ళు అందించే పని ఉన్నట్టు లేచిపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. వాళ్ళందరూ ఆయన మంచితనం చెప్పారు. అది నిజమే. నేను చెప్పగలిగింది ఇంకొకటి ఉంది. ఆయన్ని చూసి కుళ్ళుకున్నంతగా నేను లోకంలో ఎవర్ని చూసీ కుళ్ళుకోలేదు.

అసలు సైకిలు పిచ్చి నాది. కాళ్ళు అందని వయసులోనే మా నాయిన సైకిలు మీద కాంచీ తొక్కిన వాణ్ణి, అంటే సీటెక్కకుండా కడ్డీ కింద నుంచి కాలు దూర్చి. పట్నం వచ్చి ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో అటెండరుగా చేరాక రోజూ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట మీదుగా సైకిలు మీదే పోయేవాణ్ణి. రాను రాను ఆ రోడ్డు మీద నాకు చోటు లేకుండా పోయింది. చౌరస్తాలో బస్సు అద్దం భుజానికి తగిలి పడ్డాక, మా అబ్బాయి సైకిలుకు తాళం వేసి చెవి తన దగ్గరే పెట్టుకున్నాడు.

పక్కింటాయన కోస్తా వైపు మనిషి. ఏదో కంపెనీలో లెక్కలు చూసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు సైకిలు ముట్టనివ్వలేదట వాళ్ళమ్మ, కాలవలో పడిపోతాడని. ఒకరోజు పిట్టగోడ అవతల నిలబడి గొంతు తగ్గించి అన్నాడు:

"మీరు సైకిలు నేర్పాలండీ."

"ఎవరికి సార్, మనవడికా?"

"నాకేనండీ."

ఆయన నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు. ఆదివారాలు తెల్లవారగానే ఎర్రమంజిల్ క్వార్టర్ల వెనక ఖాళీ జాగాకు పోయేవాళ్ళం. మా అబ్బాయిని అడిగి తాళం తీయించాను. ఆయన తొక్కేవాడు, నేను సీటు వెనక పట్టుకొని ఉరికేవాణ్ణి.

"పట్టుకున్నారా గురువుగారూ?"

"పట్టుకున్న. మీరు ముందుకు చూసి తొక్కుండ్రి."

క్రికెట్ ఆడే పిల్లగాళ్ళు ఆట ఆపి చూసేవాళ్ళు. "తాతా, లైసెన్స్ ఉన్నదా?" అని ఒకడు అరిస్తే, "లెర్నర్స్ నాయనా, ఇవాళే ఇచ్చారు" అని ఈయన అంటూ అంటూనే తుప్పల్లోకి పోయాడు. లేచి, మోకాలు చూసుకోకుండా ముందు సైకిలు దులిపాడు. అప్పుడే అనుకున్నాను, ఈయనకు పట్టుబడుతుందని.

పట్టుబడింది. గేర్ల సైకిలు కొన్నాడు. మాసబ్ ట్యాంక్‌లో ఉండే ఒక దోస్తు దొరికాడు. ఆ దోస్తు కారు వెనక రెండు సైకిళ్ళు కట్టుకొని ఇద్దరూ అడవులకు పోవడం మొదలుపెట్టారు. ఊళ్ళో మాత్రం ఒక్క అడుగు తొక్కేవాడు కాదు. "ఈ పంజాగుట్టలోనా? దీనికి గురువుగారిని కాదు, యముణ్ణి అడగాలి" అనేవాడు. గోదావరి పక్క కొండల్లో ఒక దారి ఉందట. మోటారు బండ్లను రానివ్వరట. పోవాలంటే నడవాలి, లేకపోతే సైకిలు. ఏటా చలి తగ్గే రోజుల్లో ఆ దారికి తప్పకుండా పోయేవాడు.

పోయే ముందు ప్రతిసారీ పిట్టగోడ దగ్గరికి వచ్చి, "మీరూ రండి గురువుగారూ" అనేవాడు.

నేను పోలేనని ఆయనకు తెలుసు. మా ఇంటామెకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట కూడా పోయింది. రాత్రుళ్ళు పక్క తిప్పాలి. మా అబ్బాయిది ఏ ఊళ్ళో ఎన్నాళ్ళో తెలియని ఉద్యోగం. అయినా ఆయన పిలిచేవాడు. పిలిస్తే మండేది. పిలవకపోతే ఇంకా మండేదేమో.

ఆ కొత్త సైకిలుకు మంచి ఇత్తడి గంట ఉండేది. మొదటిసారి అడవికి పోయి వచ్చాక దాన్ని ఊడదీశాడు. "ఆ దారిలో ఎవర్ని తప్పుకోమనాలండీ?" అంటూ మా ఇంట్లోకి వచ్చి, మంచం పట్టీకి, ఆమె ఎడమ చెయ్యి అందే చోట బిగించాడు. "చెల్లెమ్మగారూ, మా గురువుగారికి వినపడనట్టు నటించే జబ్బుంది. ఇది కొట్టండి, ఎక్కడికి పోతారో చూద్దాం" అన్నాడు. ఆమె సగం మూతితో నవ్వింది. అప్పటి నుంచి నేను ఎక్కడున్నా గంట మోగితే లోపలికి పోతాను. ఆయన సైకిలు చప్పుడు లేకుండా అడవిలో తిరిగేది. దాని గంట మా ఇంట్లో మోగేది. ఇది ఎవరితో చెప్పుకునే బాధ కాదు.

తిరిగి వచ్చాక నేను చూసేదాకా సైకిలు కడగనిచ్చేవాడు కాదు. చక్రాలకు ఎర్రమట్టి, చైనులో గడ్డి పోచలు. తుడుస్తూ అడిగేవాణ్ణి.

"ఎట్లున్నది సార్ తొవ్వ?"

"ఏముందండీ. రాళ్ళు. ముళ్ళు. జోరీగలు చంపేశాయి. చుక్క టీ దొరకదు. మీరు రాకపోవడమే మంచిదయింది."

మొహం చూస్తే ఎండకు కమిలి, నూనె రాసిన ఇత్తడి లాగా మెరుస్తుండేది. జోరీగలు కుట్టినవాడి మొహం అట్లా ఉంటుందా? కనీసం ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు కదా అని లోపల తిట్టుకునేవాణ్ణి. ఎప్పుడైనా ఒక మాట నోరు జారేది. "ఎత్తొస్తే దిగి నడవడమేనండీ, సైకిలుకి కూడా మనతో నడవడం ఇష్టమే" అన్నాడొకసారి. ఇంకోసారి, "హారన్లు లేని చోట మనుషులు ఎంత మెల్లగా మాట్లాడుకుంటారో" అని, వెంటనే దోమల మీదికి పోయాడు. ఆ జారిన మాటలు నేను దాచుకునేవాణ్ణి.

ఆయన కొడుకు వచ్చి కర్మలన్నీ చేసి, అస్థికలు రాజమండ్రిలో కలిపాడు. కొంచెం మాత్రం చిన్న ముంతలో ఉంచారు. అడవి దారిలో నది వంపు తిరిగే చోట కలపమని ఆయన ఎప్పుడో భార్యతో అన్నాడట. పెద్దకర్మ అయిన మర్నాడు మాసబ్ ట్యాంక్ దోస్తు వచ్చాడు.

"భాభీ, ముంత నాకియ్యుండ్రి. గా తొవ్వ నాకొక్కనికే తెలుసు."

దోస్తు అన్నది నిజమే. అయినా ఆ మాటకు నాకు మండింది. ఈ దోస్తుకు అడవి దక్కింది, నాకు గాలి పంపూ గుడ్డపేలికా దక్కినయి. ఆఖరికి ముంత కూడా ఈయనకేనా అనిపించింది.

పక్కింటమ్మ దోస్తు వైపు చూడలేదు. "దారి మీరు చూపించండి. ముంత అన్నయ్యగారి చేతికిస్తాను. సైకిలు ఎక్కించిన చెయ్యి అది" అంది.

"ఆమెను ఇడిచిపెట్టి ఎట్ల పోతనమ్మా?"

"వదినగారి పక్కన నేను పడుకుంటాను. ఇంటికి పోతే మాత్రం నాకు నిద్ర పడుతుందా?"

లోపల గంట మోగింది. పోయి చూస్తే మా ఇంటామె ఎడమ చెయ్యి ఎత్తి వాకిలి వైపు ఊపుతుంది. పొమ్మని.

ఆ దారి మొదట్లో అడ్డంగా గొలుసు ఉంది. దోస్తు కారు ఆపాడు. "ఈడికెల్లి బండ్లు బంద్ అన్నా." పక్కింటాయన పొడుగు మనిషి, ఆయన సైకిలు సీటు నాకు అందేదాకా దించాం. ముంతను గుడ్డలో చుట్టి, పాత ట్యూబు ముక్కతో క్యారియరుకు బిగించి కట్టాను. ఎన్నేళ్ళయిందో ఎక్కక, హ్యాండిల్ వణికింది.

"జర పట్టుకోవాల్నా అన్నా?"

"ఒద్దు."

కొంచెం దూరం పోయేసరికి చేతులకు పాత సంగతి గుర్తొచ్చింది. రెండు పక్కలా టేకు, ఆకులు రాలి నేలంతా గరగరమంటుంది. ఇప్పపూల వాసన. మోదుగులు ఎర్రగా పూసి, పూరేకులు దారి మీద రాలి ఉన్నాయి. చెవులు మాత్రం గంట కోసం చూస్తూనే ఉన్నాయి. హారన్ లేదు, గంటా లేదు. చక్రం కింద ఆకు చిట్లితే అదే పెద్ద చప్పుడు. దోస్తు నిజంగానే మెల్లగా మాట్లాడుతున్నాడు. ఎత్తు వచ్చింది. దిగాను. సైకిలు నా పక్కన నడిచింది. దానికి ఇష్టమో కాదో నాకు తెలియదు గానీ, నాకు ఇష్టమయింది.

ఎత్తు మీద దారి మలుపు తిరగ్గానే కింద గోదావరి. రెండు కొండల మధ్య మెల్లగా ఒత్తిగిల్లినట్టు వంపు తిరిగి, ఒకపక్క ఇసుక తెల్లగా, నీళ్ళ మీద కొండ నీడ. నేను అక్కడే నిలబడిపోయాను. జోరీగ ఒక్కటీ లేదు. బతికుంటే గల్లా పట్టుకొని అడిగేవాణ్ణి.

"సారు ఈ రాయి మీదనే కూసునేటోడన్నా" అన్నాడు దోస్తు. "కూసోని తనలో తాను నవ్వుకుంటుండె. ఏంది సార్ అంటే, 'మా గురువుగారికి పోయినసారి జోరీగలు చెప్పాను, ఈసారి ఏం చెప్పాలో తోచట్లేదు' అంటుండె. ఒకపారి నేనే ఐడియా ఇచ్చిన, జలగలని చెప్పుమని."

"జలగలు సుత చెప్పిండు" అన్నాను.

ఇద్దరం కాసేపు నవ్వాం. తర్వాత నవ్వలేకపోయాం.

అక్కడి నుంచి నది దాకా వాలు. కాళ్ళు ఆడించే పని లేదు. ఒక చెయ్యి బ్రేకు మీద పెట్టి, ఒక చెయ్యి వెనక్కి చాపి ముంత మీద ఆనించాను. "పట్టుకున్న సారూ" అన్నాను. ఎర్రమంజిల్‌లో ఈ మాట చాలాసార్లు సీటు వదిలేశాక కూడా అన్నాను. ఇక్కడ మాత్రం నీళ్ళ దాకా వదల్లేదు.

మర్నాడు ఇంటికి వచ్చేసరికి పక్కింటమ్మ మా ఇంటామెకు చెంచాతో టీ తాగిస్తుంది. ఇద్దరూ నా వైపు చూశారు.

"ఎలా ఉంది అన్నయ్యగారూ ఆ దారి?"

మంచం మీదున్న ఆమెను చూశాను. ఆమె గల్లీ చివర దాకా పోయి ఎన్నేళ్ళయిందో. నా నోరు దానంతటదే తిరిగింది.

"ఏమున్నదమ్మా. రాళ్ళు, ముండ్లు. చుక్క చాయ దొరకదు."

పక్కింటమ్మ చెంచా గిన్నెలో పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయనా నాకు అదే చెప్పేవారండీ" అంది.

గంట మోగింది. మా ఇంటామె నా మొహంలోకే చూస్తుంది. చొక్కా జేబులో మోదుగ పూరేకు ఉంటే తీసి ఆమె ఎడమ చేతిలో పెట్టాను. ముక్కాలి పీట లాక్కొని కూర్చొని, గొలుసు దగ్గర నుంచి మొదలుపెట్టాను. నాకు అంతసేపు మాట్లాడటం వచ్చని నాకే తెలియదు. ఎత్తు దగ్గర ఆగితే గంట కొట్టింది. వంపు దగ్గర ఆగితే మళ్ళీ కొట్టింది. వాలు దిగుతున్నప్పుడు ఆమె కళ్ళలోకి ఒక చూపు వచ్చింది. నాకు కొత్త కాదది. ఇన్నేళ్ళూ పిట్టగోడ ఇవతల నిలబడి నేను ఆయన్ని చూసిన చూపే. పూరేకును గుప్పిట్లో గట్టిగా పట్టుకొని, గంట మీద వేలు తీయకుండా, నన్ను అట్లాగే చూస్తూ ఉంది.