అమ్మ చూడని ఎర్రపువ్వు

మొన్న కార్తీకంలో మా మనవరాలు పలాసలో మా డాబా మీద కుండీల్లో పాపీ పూల విత్తనాలు చల్లుతూ, వీటిని మొలిచినచోటే వదిలెయ్యాలి, పీకి నాటితే బతకవని నాకు పాఠం చెప్పింది. ఆ ఒక్క ముక్క యాభై ఏళ్ల కిందట మా అమ్మకి ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మాది ఉద్దానంలో, సముద్రపు హోరు వినిపించే ఇసకనేల. పట్టాళంలో ఉన్న చిన్నాన్న సెలవుకి వస్తూ, ఎక్కడో చలికొండల్లోంచి గసగసాల్లాంటి నలుసు విత్తనాలు పొట్లం కట్టి తెచ్చి, పట్టుగుడ్డలాంటి ఎర్రపువ్వు పూస్తుందని అమ్మతో చెప్పాడు. నగానట్రా ఏనాడూ అడగని అమ్మ ఆ పువ్వు మీద మాత్రం మనసు పడింది. వరి ఊడ్చిన చేతులు కదా, ఊరుకుంటాయా? పెరట్లో నారు పోసి, బెత్తెడు ఎదగగానే పీకి వరసగా నాటేసింది. మూడోనాటికి అన్నీ వాలిపోయాయి. నారుమడి మూల పీకడం మరిచిన ఒక్క మొక్క మిగిలి, మాఘంలో తలవంచుకున్న మొగ్గ తొడిగింది.

అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి చీకటుండగానే వెళ్లి దీపాలవేళకి వచ్చేది. రాగానే చేతులైనా కడుక్కోకుండా మొగ్గ దగ్గరికే. ఒకనాడు ఆవిడ వెళ్లాక అది విచ్చింది. మా ఇళ్లలో పువ్వంటే తల్లో పెట్టుకునేదే గాని మొక్కన ఉంచి చూసుకునేది కాదు. తుంచి జడలో తురుముకుని బడికి బయల్దేరాను. జీడితోట దాటేలోగా రేకులన్నీ రాలిపోయి, తడిమితే ఉత్త కాడ తగిలింది.

సాయంత్రం దెబ్బలు తప్పవనుకున్నాను. అమ్మ ఆ మొక్కకేసి కాసేపు చూసి, నా పక్కన కూలబడి, “పోనీలేవే, నువ్వైనా సూసినావు కదా. ఎలాగుందో సెప్పు,” అంది. చెప్పాను. చిన్నాన్నకి వేరే చోటికి బదిలీ అయింది, మళ్లీ విత్తనాలు దొరకలేదు. ఎన్నేళ్లు గడిచినా, పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడల్లా “మరొక్కపాలి సెప్పే” అనేది. నేను చెప్పిన ప్రతిసారీ ఆ రేకుల్ని ఇంకాస్త పెద్దవి చేసేదాన్ని.

ఇప్పుడు ఏ పువ్వు పూసినా క్షణంలో ఫోన్లో అందరికీ ఫోటో వెళ్లిపోతుంది. మంచిదే, చూడలేదన్న బాధ ఎవరికీ మిగలదు. ఎలాగుందో చెప్పమని అడిగేవాళ్లూ లేరు. ఈ వయసులో అమ్మ మీద బెంగేమిటో గాని, ఆవిడ వచ్చి ఒక్కసారి అడిగితే బాగుండుననిపిస్తుంది. ఈసారి నిజం చెప్పేస్తాను. తుంచే తొందరలో దాన్ని నేనూ సరిగ్గా చూడలేదమ్మా అని.