దండ వేసిన ఫొటో

నా ఉద్యోగం రక్తం తీయడం. వన్ టౌన్‌లో ఒక చిన్న ల్యాబులో ఇరవై ఏళ్లుగా జనానికి సూదులు గుచ్చుతున్నాను. నరం దొరకని ముసలివాళ్లకీ, కాళ్లతో తన్నే పిల్లలకీ, సూది చూడగానే కళ్లు తేలేసే వస్తాదులకీ గుచ్చాను. ఒక్కనాడూ నా చెయ్యి వణకలేదు. అదే చెయ్యి కెమెరా పట్టుకుని ఒక మనిషి ఎదుట నిలబడితే మాత్రం గజగజలాడేది. సూది గుచ్చించుకోవడానికి వాళ్లంతట వాళ్లే వస్తారు. ఫొటో తీయించుకోవడానికి నా దగ్గరికి ఎవరొచ్చారు గనక?

కెమెరా మా అమ్మాయి కాలేజీ అవసరానికి కొన్నది. దాని చదువైపోయాక బీరువాలో బూజు పడుతుంటే చూడలేక నేను చేతిలోకి తీసుకున్నాను. ఎవరో చెబితే ఫొటోలవాళ్ల గుంపులో చేరాను. ఇరవై మందిమి. ప్రతి సోమవారం ఫోనులో ఒక అంశం వస్తుంది. శనివారంలోగా ఒక్కటంటే ఒక్క ఫొటో పంపాలి. ఆదివారం పొద్దున్న ఒక లైబ్రరీ మేడ మీద అందరం కూర్చుంటే, తీసినవాళ్ల పేరు లేకుండా ఫొటోలు గోడ మీద వేస్తారు. ఎవరిదో తెలియదు కాబట్టి మొహమాటం లేకుండా చీల్చి చెండాడతారు. మొదటి నెలంతా నేను చివరి వరసలో తలుపు పక్కనే కూర్చున్నాను, పారిపోవడానికి వీలుగా.

నీడ, తుప్పు, ఎదురుచూపు, ఇలా వచ్చేవి అంశాలు. ఉప్పుగాలీ ఇనుమూ కలిసి కాపురం చేసే ఊళ్లో తుప్పు కోసం వెతుక్కోనక్కర్లేదు, మా వంటింటి కిటికీ చువ్వ చాలు. ఎదురుచూపు అన్నప్పుడు మాత్రం మనుషులు కావలసి వచ్చి, బస్టాపులో నిలబడ్డవాళ్లని వెనకనుంచి తీసి పంపాను. ఆ ఆదివారం దొరికిపోయాను. స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవారు మా గుంపులో. ఆయన గోడ మీది ఫొటో చూసి, తిన్నగా తలుపు పక్కకి చూసి అన్నారు.

"అమ్మా, నీ ఫొటోల్లో ఊరి జనమంతా నీ మీద అలిగి ఎల్లిపోతన్నట్టుంటాది. ఒక్కడి మొకమైనా సూపించవా?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కిందికి దిగాక ఆయన్ని ఆపి, నాకు భయమండీ, ఏం చేయమంటారు అని కసిరినట్టే అడిగాను. ఆయన కోప్పడలేదు. క్రేన్ ఎక్కిన ప్రతిరోజూ తనకీ భయమేనని, కింద మనుషులు తిరుగుతుంటారు కాబట్టి భయం ఉండడమే మంచిదని చెప్పారు. "బయ్యం ఉంటే ఉండనీ. అది పోయిన రోజు దిగిపోవాల" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు ధైర్యం చెప్పినట్టనిపించింది. అది హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

ఆ సోమవారం వచ్చిన అంశం చేతులు. మర్నాడు పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. వేలంపాటల గోల తగ్గాక, ఒడ్డున ఒకతను చిరిగిన వల కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి. అరగంట అటూ ఇటూ తిరిగి, చివరికి వెళ్లి మీ చేతులు ఫొటో తీసుకోవచ్చా అని అడిగాను.

"సేతులకేటుందమ్మా, సేపల కంపు తప్ప" అని నవ్వి, మళ్లీ పనిలో పడ్డాడు. నేను తీస్తూనే ఉన్నాను. ఒక్క క్షణం తల ఎత్తి నావైపు చూశాడు. వల మీద చేతులు, వాటి పైన ఆ మొహం. ఎవరూ అలిగి వెళ్లిపోవడం లేదు.

ఎల్లుండి బోటెక్కుతున్నానని, వలలు లాగే కళాసీ పని అని, పది పన్నెండు రోజుల దాకా రానని మాటల్లో చెప్పాడు. ఫొటో అయ్యాక ఇంట్లో ఇచ్చేయమని, దగ్గర్లోనే ఉన్న తన వీధి గుర్తులు చెప్పాడు. నా నంబరు అడిగి ఫోనులో వేసుకున్నాడు. పక్కన నీలం డ్రమ్ములు, ఎర్ర ప్లాస్టిక్ బుట్టలు చూపు లాగేస్తున్నాయని నేను ఆ ఫొటోని నలుపు తెలుపు చేశాను. అది చాలా తెలివైన పనని మురిసిపోయాను.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. నెలలో మేలైన ఫొటోని పెద్దదిగా వేయించి, నల్ల చెక్క ఫ్రేము కట్టించి, తీసినవాళ్లకి ఇస్తారు. వాళ్లు దాన్ని ఫొటోలోని మనిషికి ఇవ్వాలి. అది నెలాఖరు వారం. నా ఫొటో గెలిచింది, శనివారమే ఫ్రేము తయారైంది. ఆ ఆదివారం బయటి ఊరినుంచి ఒక పెద్ద ఫొటోగ్రాఫర్‌ని పిలిచాం. సభ అన్నాక శాలువా, గంధపు దండ లేకుండా మనవాళ్లకి పొద్దు గడవదు కదా. మెడలో వేసిన దండని ఆయన వెంటనే తీసి, ఈ గౌరవం నాది కాదు, ఈ శ్రమజీవిది అంటూ నా ఫ్రేముకి వేశారు. మేడ అదిరేలా చప్పట్లు కొట్టాం. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరో దండ నలగకుండా అలాగే పైనుంచి న్యూస్‌పేపరు చుట్టి, పురికొస కట్టి నా చేతికిచ్చారు. పందొమ్మిది మందిమి తెలుగువాళ్లం ఉన్నాం అక్కడ. ఒక్కరికీ తట్టలేదు. పెద్దాయన ఆ పూట ఆనందపురంలో ఎవరిదో పెళ్లికి వెళ్లారు. ఆయన ఉంటే తట్టేదేమో.

పెద్దల ఫొటోలకి దండలు వేసే అలవాటు మా ఇంట్లో లేదు. మాది చర్చికి వెళ్లే కుటుంబం. మా హాల్లో పోయిన తాతగారూ, ఉన్న అత్తగారూ ఒకే గోడ మీద పక్కపక్కన ఉంటారు. అది సాకు కాదు. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ వీధుల్లోనే పెరిగినదాన్ని. నాకు తెలియకపోవడమేమిటి? గెలిచిన మత్తులో కళ్లు నెత్తికెక్కాయి, అంతే.

ఆటో దిగి అతని ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి మధ్యాహ్నం పన్నెండు. గుమ్మంలో అతని భార్య ఎండుచేపలు ఏరుతోంది. వాళ్లత్త గోడకి చేరగిలబడి ఉంది. మీ ఆయన గురించి వచ్చానమ్మా అన్నాను. తర్వాత ఎన్నిసార్లు ఆ వాక్యాన్ని తలుచుకుని తల బాదుకున్నానో! అంటూనే పురికొస విప్పాను. పేపరు జారిపోయింది.

నల్ల ఫ్రేములో, నలుపు తెలుపులో, మెడలో దండతో ఆమె భర్త.

ఆమె అరవలేదు. చేతిలోని చేప కింద పెట్టి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఎక్కడ దొరికినాడు?"

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణంలో వాళ్లత్త గుండెలు బాదుకోవడం మొదలెట్టింది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. అయ్యో కాదమ్మా, ఇది బహుమతి, పోటీలో వచ్చింది, ఆయన బాగానే ఉన్నాడు అని నేను అరుస్తున్నాను. బాగానే ఉన్నాడని నాకెలా తెలుసని ఎవరో అడిగారు. నిజమే, నాకేం తెలుసు? చివరికి అర్థమైంది వాళ్లకి. ముసలామె లేచి, దండని పుటుక్కున తెంపి కాలవలో పారేసింది. భార్య మాత్రం ఫ్రేము వంకే చూస్తూ, "ఎల్లిపోండి మేడం" అంది. ఎవరైనా నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు వాయుగుండం కబురొచ్చింది. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేశారు. వేటకెళ్లిన బోట్లన్నీ ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. బుధవారానికి రెండు తప్ప అన్నీ వచ్చాయి. గురువారానికి ఒకటి తప్ప. ఆ ఒక్కటీ అతనిది.

నేను భయపడ్డాను. ఆ మాట కంటే పెద్ద మాట నాకు దొరకడం లేదు. శకునాలు నమ్మకూడదని సండే స్కూల్లో పిల్లలకి చెప్పినదాన్ని. గాలికి ఫొటోల సంగతి ఏం తెలుసే అని మా ఆయన మందలించాడు. నిజమేనని తల ఊపేదాన్ని. గాలి కిటికీ రెక్కని కొట్టగానే ఆ నిజం ఎగిరిపోయేది. మోకాళ్ల మీద కూర్చుని దేవుడితో బేరాలాడాను. కెమెరా మళ్లీ ముట్టుకోను, అతన్ని పంపెయ్యి అన్నాను. హార్బర్‌కి వెళ్లే ధైర్యం లేదు, వెళ్లకుండా ఉండే ధైర్యమూ లేదు. ల్యాబుకి వచ్చినవాళ్లు బోటు మాట ఎత్తితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని. ఆ గురువారమే ఇరవై ఏళ్లలో మొదటిసారి నా సూది తప్పింది. పాపం ఒకాయన చెయ్యి మూడుచోట్ల గుచ్చాను.

శుక్రవారం పొద్దున్న వరసలో తర్వాతి మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటే, తల ఎత్తకుండానే రబ్బరు పట్టీ అందుకున్నాను. చెయ్యి చాపలేదేమిటని చూస్తే ఆమె. ఇక్కడ సూది గుచ్చించుకున్న వాళ్ల వీధివాళ్లు నన్ను గుర్తుపట్టి చెబితే వచ్చి, అందరితో పాటు టోకెన్ తీసుకుని, తన వంతు వచ్చేదాకా గంటసేపు బెంచీ మీద కూర్చుందట. ఏదో జరిగిపోయిందని చెప్పడానికే వచ్చిందనుకున్నాను.

"ఆయన ఫొటో కావాల మేడం" అంది. "బోటు ఓనరు ఫొటోలు అడగతన్నాడు, ఏరే రేవులకి పంపడానికి. మా కాడ పెళ్లి ఫొటో తప్ప నేదు. మీ దాంట్లో అయితే మొకం తెలస్తాది."

ఫ్రేము ఇంట్లోనే ఉంది కదా అని నోరు జారాను. "అది ముట్టుకోడానికి బయ్యం" అంది ఆమె. అంతవరకూ భయపడుతున్నది నేనొక్కదాన్నే అన్నట్టు ఉన్నాను. సిగ్గేసింది.

ఫోనులో ఆ ఫొటో తెరిచాను. అడిగింది మొహమే కాబట్టి మిగతాది కోసేయాలి. వల పోయింది. తర్వాత చేతులు పోయాయి, నాకు బహుమతి తెచ్చిన ఆ చేతులు. తప్పిపోయినవాళ్ల ప్రకటనలో వేసే బొమ్మలాగా మెడదాకా మిగిలాడు. నా వేలు వణుకుతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది. రోజూ నేను జనాన్ని పట్టుకునేది అక్కడే.

ఆ మొహాన్ని ఆమె ఫోనుకి పంపి, పెద్దాయనకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. "ఫొటో నాకు పంపమ్మా" అన్నారు. గంటలో మా గుంపులోని ఇరవై మందీ తమకి తెలిసిన ఫొటోలవాళ్లకల్లా, కాకినాడ నుంచి ఒడిశా దాకా, ఆ మొహాన్ని పంపించారు. ఆ వారం అంశం ఏమిటో ఎవరూ అడగలేదు. ఎవరూ ఫొటో పంపలేదు.

శనివారం సాయంత్రం కబురొచ్చింది. ఇంజను చెడిపోయి గాలికి కొట్టుకుపోతున్న బోటుని ఇంకో బోటువాళ్లు చూసి, తాళ్లు కట్టి ఒడిశా రేవుకి లాక్కెళ్లారట. అందరూ బతికే ఉన్నారు. మేము పంపిన ఫొటో వల్ల దొరికారని ఎవరూ అనలేదు. అది నిజమూ కాదు. ఆ కబురు చెప్పడానికి ఆమె నాకు ఫోను చేసింది. ఫోను పెట్టేశాక వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను.

అతను రైల్లో వచ్చిన మర్నాడు రమ్మని పిలిచింది. వెళ్లాను, ఈసారి కెమెరా లేకుండా. మనిషి బాగా నల్లబడ్డాడు, పెదాలు పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి, "బతికుండగానే దండేయించుకున్నానంట గదా మేడం" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆమె కూడా నవ్వలేదు. లోపలికి వెళ్లి, బియ్యం డ్రమ్ము వెనకనుంచి ఫ్రేము తెచ్చింది. అదే పేపరు, అదే పురికొస. చీరకొంగుతో పట్టుకుని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"ఇది మీరట్టుకెళ్లిపోండి. మా ఇంట్లో మడిసే ఉన్నాడు."

తెచ్చుకున్నాను. మా హాల్లో తాతగారికీ అత్తగారికీ మధ్య మేకు కొట్టి పెట్టుకున్నాను. ఇతనెవరని వచ్చినవాళ్లు అడుగుతారు. హార్బర్‌లో ఉంటాడని చెబుతాను. ఉంటాడు అనే మాట కాస్త గట్టిగా పలుకుతాను.

దేవుడితో ఆడిన బేరం నిలబెట్టుకోలేదు. రెండు నెలలకి మళ్లీ ఆదివారాలు వెళ్లడం మొదలెట్టాను. మనుషుల మొహాలే తీస్తున్నాను. తీసేముందు మాత్రం ఇది మీకు కావాలా, ఇంట్లో పెట్టుకుంటారా, రంగుల్లో ఉండాలా అని అడుగుతాను. విసుక్కుంటారు కొందరు. విసుక్కోనీ. నా చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది, నేనూ దిగిపోలేదు.

పోర్టులో హెచ్చరిక ఎగరేశారని వినపడితే నేను హాల్లోకి వెళ్లను. ముందు ఆమెకి ఫోను చేస్తాను. ఎందుకు చేశానో ఆమెకి తెలుసు. నేను అడక్కముందే చెప్పేస్తుంది.

"ఇంట్లోనే ఉన్నాడు మేడం. అన్నం తింతన్నాడు."

అప్పుడు వెళ్లి గోడ వైపు చూస్తాను.