నలభై రెండు ఫొటోల్లో ఒక అక్షింత

భీమశంకర్ చేసే ఉద్యోగం ఏమిటో అతని స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కేది కాదు. ఎడిసన్‌లో ఉండే రామమోహన్ ప్రతి ఆదివారం, ఫోన్ రేట్లు తగ్గే వేళ చూసుకుని, న్యూజెర్సీ నుంచి అరిజోనాకి ఫోన్ చేసేవాడు. చేసిన ప్రతిసారీ అదే ప్రశ్న.

"ఏరా, ఇంకా ఆ పాత విమానాలకే ఫొటోలు తీస్తున్నావా?"

"తీస్తున్నాను."

"కొత్త విమానాలకి తీసే జాబ్ ఎవరూ ఇవ్వలేదట్రా నీకు?"

భీమశంకర్ నవ్వేసి ఊరుకునేవాడు. కోపం అతనికి ముక్కు మీద కాదు కదా, దరిదాపుల్లో కూడా ఉండేది కాదు. తను చేసే పని తనకు నచ్చింది. దాన్ని ఇంకొకరికి నచ్చజెప్పాలని అతనికి ఎప్పుడూ తోచలేదు.

అతనిది అనకాపల్లి. మేనమామ రాధాకృష్ణకి అక్కడ మెయిన్ రోడ్డు మీద ఫొటో స్టూడియో ఉండేది. ఆయన చేతిలో కత్తెర, జిగురు ఉంటే చాలు, పోయిన తాతగారిని తెచ్చి బతికున్న మనవల మధ్య కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు. అతుకు ఎక్కడుందో తాతగారి భార్యకి కూడా తెలిసేది కాదు. ఆ పని మేనల్లుడికి చిన్నప్పుడే పట్టుబడింది. దసరాకి స్టూడియోలో పెద్ద కెమెరాకి బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, అక్షింతలు చల్లేవారు. "మనకి అన్నం పెట్టేదానికి ఏడాదికొక్కసారైనా దండం పెట్టకపోతే ఎలారా?" అనేవాడు రాధాకృష్ణ. భీమశంకర్ తర్వాత సర్వే చదువు చదివాడు, సముద్రాలు దాటాడు, గాలిలోంచి తీసిన ఫొటోలతో మ్యాపులు చేయడం నేర్చుకున్నాడు. ఆ మాట మాత్రం మరచిపోలేదు.

1976లో అతనికి టూసాన్‌లో ఒక చిన్న కంపెనీలో పని దొరికింది. చిన్నదంటే మరీ చిన్నది. మొత్తం ముగ్గురు. యజమానురాలు హెలెన్ ప్రూయిట్, పైలట్ రాల్ఫ్ డెల్గాడో, మూడోవాడు మన భీమశంకర్. కంపెనీ పెట్టింది హెలెన్ భర్త జిమ్. ఆయన 1973లో గుండెపోటుతో పోయాడు. విమానానికి అడుగున కన్నం చేయించి, అందులోకి దించడానికి రుబ్బురోలంత కెమెరాని ఏరికోరి తెచ్చింది ఆయనే. ఆ కెమెరా అంటే హెలెన్‌కి ప్రాణం. దాని పక్కన కాఫీ కప్పు పెట్టినందుకు, భీమశంకర్‌కి ముందున్నవాణ్ణి ఆ పూటకి ఆ పూటే ఇంటికి పంపేసిందని రాల్ఫ్ మొదటిరోజే చెప్పాడు. ఆమె నవ్వగా చూసినవాళ్ళు లేరు.

వాళ్ళకి ఏడాదికొకసారి వచ్చే పెద్ద పని పాత యుద్ధవిమానాల ఫొటోలు తీసి, వాటిని అతికి ఒకే పెద్ద పటంగా చేసివ్వడం. టూసాన్ పక్కన ఎడారిలో వైమానిక దళం తనకు అక్కర్లేని విమానాలను నిలవ పెడుతుంది. అక్కడ వాన తక్కువ, నేల గట్టి, ఇనుముకి తుప్పు పట్టదు. మూడు వేల అడుగుల పైనుంచి చూస్తే డాబా మీద ఎండబెట్టిన వడియాల్లా వరసలు వరసలుగా వందలాది విమానాలు. ఎండ లోపలికి పోకుండా వాటి అద్దాలకి తెల్లటి పూత పూసి ఉండేది. రాల్ఫ్ విమానాన్ని గీత గీసినట్టు నడుపుతుంటే, భీమశంకర్ వెనక నేల మీద బోర్లా పడుకుని కెమెరా చూసుకునేవాడు. ఒక వరస మీదికి రాగానే రాల్ఫ్ ప్రతిసారీ టోపీ ముట్టుకునేవాడు. వియత్నాంలో గాయపడ్డ తన తమ్ముణ్ణి ప్రాణాలతో ఇల్లు చేర్చిన రకం విమానాలు ఆ వరసలోనివే. మిగతా వరసల్లో బాంబులు మోసినవి ఉన్నాయి, సామాన్లు మోసినవి ఉన్నాయి. వాటి గురించి భీమశంకర్ రకరకాలుగా ఆలోచించేవాడు.

ఆ మైదానం మీద ఎగరడానికి పర్మిషన్ ఏడాదికి ఒక్కరోజే, అదీ రెండు గంటలు. నీడలు పొట్టిగా ఉండాలి కాబట్టి మధ్యాహ్నమే తీయాలి. ఆ రెండు గంటలు పాడైతే ఆ ఏడాది పని పోయినట్టే.

1981లో ఆ పర్మిషన్ అక్టోబర్‌లో ఒక గురువారానికి వచ్చింది. కేలండర్ చూస్తే సరిగ్గా విజయదశమి. భీమశంకర్ పొంగిపోయాడు. ఆ రోజు మొదలుపెట్టిన పనికి తిరుగుండదని కదా మనవాళ్ళ మాట. పైగా ఆ వారం అతనికి తిరుగులేకుండా ఉండటం చాలా అవసరం. గ్రీన్ కార్డ్ కాగితాలు ఆఖరి మెట్టు మీద ఉన్నాయి. ఇతను మాకు కావలసిన మనిషి అని కంపెనీ ఒక లెటర్ ఇవ్వాలి. ఫీనిక్స్ పని చూసుకుని వచ్చి సోమవారం సంతకం చేస్తానంది హెలెన్. ఆ సంతకం పడితే భార్య అనంతలక్ష్మి, అయిదేళ్ళ కూతురు విద్య, తను ఆ ఊళ్ళోనే ఉంటారు. పడకపోతే మూటాముల్లె సర్దుకోవాలి.

గురువారం పొద్దున్నే అతను ఆఫీసుకి వెళ్ళి, ఫిల్మ్ డబ్బాని చీకటి గదిలో సిద్ధం చేసుకున్నాడు. కెమెరా పైమూత తీసి, ఫిల్మ్ ఆనుకునే గాజుపలకని మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. తర్వాత కెమెరా ఒంటికి బొట్టు పెట్టి, పెరట్లో పూసిన పువ్వు ఒకటి పెట్టి, కళ్ళు మూసుకుని, భార్య పొట్లం కట్టి ఇచ్చిన అక్షింతలు చల్లాడు. ముందు పూజ చేసి తర్వాత గాజు తుడిచి ఉంటే ఈ కథే లేదు. పైగా అనంతలక్ష్మి ఏం కలిపినా నెయ్యి ధారాళంగా పోసే మనిషి. ఒక్క గింజ వెళ్ళి గాజుపలక మూల అతుక్కుపోయింది. భక్తుడు కళ్ళు తెరిచి, పైకి కనిపించిన గింజలన్నీ ఏరేసి, ఫిల్మ్ డబ్బా బిగించేశాడు.

శుక్రవారం ఫిల్మ్ కడిగి, ఆరబెట్టి, మధ్యాహ్నానికి ప్రింట్లు వేశాడు. నలభై రెండు ఫొటోలు. నలభై రెండింటిలోనూ ఒకే మూల ఒక నల్లటి మచ్చ. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ మొనదేలి.

రాల్ఫ్ భుజం మీంచి తొంగి చూశాడు. "ఇదేం విమానం? సైజు సరిపోయింది గానీ రెక్కలు లేవే?"

చిన్నప్పటి నుంచి నెత్తి మీద పడుతున్న గింజని భీమశంకర్ పోల్చుకోకుండా ఎలా ఉంటాడు? కెమెరా మూత తీసి చూస్తే, పచ్చగా, ఏమీ ఎరగనట్టు, గింజ అక్కడే ఉంది. జరిగింది రాల్ఫ్‌కి చెప్పాడు.

రాల్ఫ్ నవ్వలేదు. "మా అమ్మ నా ట్రక్కు మీద తీర్థం చల్లింది. రేడియో పాడైపోయింది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "హెలెన్‌కి ఇదంతా చెప్పకు. దుమ్ము పడిందను. ఎడారి కదా, ఎవరైనా నమ్ముతారు. దుమ్ముకి ఎవరి ఉద్యోగమూ పోదు," అన్నాడు.

మంచి సలహా. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భీమశంకర్ దాన్ని దాదాపు ఖాయం చేసుకున్నాడు. అన్నం తింటూ అనంతలక్ష్మికి అంతా చెప్పాడు.

"ఆవిడకి కోపం వస్తుందేమో నాకు తెలీదండీ," అంది ఆవిడ. "లెటర్ ఇవ్వకపోతే వెళ్ళిపోదాం, అదీ సరే. కానీ అక్షింతల్ని పట్టుకుని దుమ్మంటారా?"

అంతే. ఆ పైన దుమ్ము మాట మళ్ళీ అతని నోటికి రాలేదు.

సోమవారం హెలెన్ బల్ల ముందు నిలబడి, ఫొటోలు పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గింజని ఖాళీ ఫిల్మ్ డబ్బీలో వేసి పక్కన పెట్టాడు. గ్రీన్ కార్డ్ లెటర్ టైపు చేసి ఆమె చేతి కిందే ఉంది.

"బియ్యమా?" అంది హెలెన్.

"పసుపు, నెయ్యి కలిపిన బియ్యం, మేడమ్."

"జిమ్ కెమెరాలో నెయ్యి." ఆమె మొహం ఎర్రబడింది. "ఎందుకు?"

మేనమామ మాటని ఇంగ్లీషులోకి ఎలా తేవాలో అతనికి తెలియలేదు. తోచినట్టు చెప్పాడు. "ఇది నా ఇంట్లో అన్నం పెడుతోంది. ఏడాదికొకసారి దీనికి థాంక్స్ చెప్తాను."

"ఎన్నేళ్ళ నుంచి?"

"చేరినప్పటి నుంచి. ఇది ఆరోసారి."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు నవ్వుతారేమోనని."

"నేను నవ్వడం ఎప్పుడైనా చూశావా, శంకర్?"

చూడలేదని ఒప్పుకున్నాడు. ఆమె లెటర్ తీసి సొరుగులో పెట్టి, సొరుగు మూసేసింది. "ముందు నాకు మచ్చ లేని పటం కావాలి. మిగతా సంగతి తర్వాత," అంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఫొటో దాని ముందుదాని మీద సగానికి పైగా పడేలా తీస్తారు. కాబట్టి నేల మీద ఏ చోటైనా కనీసం రెండు ఫొటోల్లో ఉంటుంది. ఒకదానిలో గింజ దాచేసిన చోటు పక్కదానిలో శుభ్రంగా కనిపిస్తుంది. భీమశంకర్ కత్తెర, జిగురు, గరుకు కాగితం ముందేసుకుని మూడు రోజులు తలెత్తలేదు. ముక్క ముక్కకీ అంచు వెనక రుద్ది పల్చన చేసి, ఒక విమానం రెక్క పక్క ఫొటోలోని తన రెక్కతో కలిసేలా అతికాడు. అనకాపల్లిలో తాతగార్లని కూర్చోబెట్టిన చెయ్యి అది. అతుకుతున్నంతసేపూ మేనమామని తలుచుకున్నాడు. నువ్వు పెట్టిన ఆచారమే ముంచింది మామయ్యా, నువ్వు నేర్పిన పనే తేల్చాలి అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం నాలుగింటికి పటం బల్ల మీదికి చేరింది. హెలెన్ భూతద్దం పట్టుకుని గంటసేపు వెతికింది. గింజ మచ్చ కాదు కదా, అతుకు కూడా దొరకలేదు. అప్పుడు పని ఇచ్చిన ఆఫీసుకి తనే ఫోన్ చేసింది. నెగెటివ్‌ల మూల ఒక మచ్చ ఉందని, అది బియ్యపు గింజ అని, పటం మాత్రం నిండుగా ఉందని చెప్పింది. ఆమె కూడా దుమ్ము అనలేదు. అవతలివాళ్ళు రెండుసార్లు 'రైస్?' అని అడిగి, పటం చూశాక సరేనన్నారు.

శుక్రవారం ఆమె అతనికి కవరు ఇచ్చి, వెంటనే లోపలికి వెళ్ళిపోయింది. ఉద్యోగం ఊడిందనుకున్నాడు. కార్లో కూర్చుని విప్పాడు. అదే లెటర్. కానీ కొత్తగా టైపు చేసింది. చివర రెండు వాక్యాలు పాతదానిలో లేవు. "తన తప్పు తానే వచ్చి చెప్పే మనిషి ఇతను. ఇలాంటివాడు దొరకడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది." కింద సంతకం. భీమశంకర్ స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆ దేశంలో అతను ఏడ్చింది అదే మొదటిసారి, సంతోషానికి.

మరుసటి ఏడు దసరాకి ఆఫీసుకి వెళ్ళేసరికి కెమెరా బల్ల మీద సిద్ధంగా ఉంది. మూత చుట్టూ, లెన్స్ చుట్టూ, సందు కనిపించిన ప్రతిచోటా మాస్కింగ్ టేపు చుట్టి ఉంది. పక్కన హెలెన్, ఆమె వెనక టోపీ చేత్తో పట్టుకుని రాల్ఫ్.

"బూట్లు విప్పాలా?" అడిగింది హెలెన్.

"విప్పితే మంచిది, మేడమ్."

ఇద్దరూ విప్పారు. భీమశంకర్ బొట్టు పెట్టాడు, పువ్వు పెట్టాడు. పొట్లం విప్పి అక్షింతలు ముగ్గురి చేతుల్లోనూ తలాకాస్త పోశాడు. పోయిన ఏడు కళ్ళు మూసుకున్నందుకు ఏమైందో గుర్తుంది కాబట్టి ఈసారి తెరిచే ఉంచాడు. అందుకే చూశాడు. హెలెన్ కళ్ళు మూసుకుంది. చేతిలో గింజలు చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత మెల్లగా కెమెరా మీద వేసింది.

"థాంక్యూ, జిమ్," అంది.

తొమ్మిదేళ్ళుగా ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకి ఒక రోజంటూ లేకపోయింది. భీమశంకర్ గింజలు ఏరే పని కాసేపు ఆపి నిలబడ్డాడు.