పదకొండు వేణు

సిరిసిల్ల బీవై నగర్‌లో వేణు ఇల్లెక్కడ అని అడిగితే జనం ఆలోచిస్తారు. పదకొండు వేణు అంటే మాత్రం వెంటనే చూపిస్తారు.

వేణు తండ్రి ఓదెలు మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. వేణు పొడగరి, చేతులు పెద్దవి. కాలేజీ గ్రౌండ్‌లో గోల్ ముందు నిలబడితే అతణ్ని దాటి గోల్ కొట్టడం ఎవరికీ అంత తేలిక కాదు. హైదరాబాద్‌లో మూసీ రేంజర్స్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ సెలక్షన్లు పెడితే వెళ్లాడు. మూడో గోల్ కీపర్‌గా తీసుకున్నారు. మూడో కీపర్‌కి ఆట ఉండదు. ప్రాక్టీసులో మిగతావాళ్లు కొట్టే బంతులు ఆపాలి, సాయంత్రం బంతుల సంచులు మోయాలి. అయినా ఓదెలు చాయ్ హోటల్లో కూర్చుని "మా పోరడు టీవీల అస్తడు, సూడుండ్రి" అని అందరికీ చెప్పుకునేవాడు.

రెండో ఏడు వచ్చాడు టీవీలో.

ఆ మ్యాచ్ ఈశాన్య రాష్ట్రాల్లో, కొండల మధ్య ఒక ఊళ్లో. మొదటి కీపర్‌కి కామెర్లు. రెండో కీపర్ ఆట మొదలైన కాసేపటికే ఎదుటి ఆటగాణ్ని పడేశాడు. రిఫరీ అతనికి రెడ్ కార్డు చూపించి బయటికి పంపి, వాళ్లకు పెనాల్టీ ఇచ్చాడు. వేణు చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూనే పరిగెత్తాడు. ఒళ్లు కూడా వేడెక్కలేదు. మొదటి బంతి ఎడమ వైపు నుంచి లోపలికి పోయింది.

ఆ తర్వాత జరిగింది అతనికి చాలాసేపు అర్థం కాలేదు. ముందు నిలబడాల్సిన డిఫెండర్లు నడుస్తున్నారు. ఎదుటివాళ్లు ఒంటరిగా బంతి తెచ్చుకుని, అతని ముందు ఆగి, చూసుకుని కొడుతున్నారు. "అన్నా, ఉరుకుండ్రే! అన్నా!" అని గొంతు పోయేలా అరిచాడు. కెప్టెన్ సంజీవ్ వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఒక బంతిని ఆపబోయి వేణు చిటికెన వేలు విరిగింది. మార్చడానికి ఇంకో కీపర్ లేడు. విరిగిన వేలితోనే నిలబడ్డాడు.

సున్నా పదకొండు.

సిరిసిల్లలో, ఆరో గోల్‌కే ఓదెలు చాయ్ హోటల్ నుంచి లేచి వెళ్లిపోయాడు. ఇక బతికినన్నాళ్లు కొడుకుతో ఆట మాట ఎత్తలేదు. ఆ సీజన్ అయ్యాక క్లబ్ వేణును వద్దంది. అతను వచ్చి తండ్రి పనిచేసిన షెడ్డులోనే పనికి చేరాడు. వేలు వంకరగా అతుక్కుంది. దారం ముడి వేసేటప్పుడు అడ్డం వచ్చేది. "పదకొండూ, దారం తెగింది సూడు" అని పక్కవాళ్లు పిలిచేవాళ్లు. కోరుట్ల నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన ప్రేమలతకు ఆ పేరేమిటో బారాత్‌లోనే తెలిసింది. తాగిన కుర్రవాళ్లు గోల్స్ లెక్కపెడుతూ డాన్సు చేశారు.

క్లబ్ పదిహేనేళ్ల పండుగప్పుడు సంజీవ్ ఫోన్ చేశాడు. అతనిప్పుడు క్లబ్‌లోనే మేనేజర్.

"ఆఫీసుల రికార్డుల గోడ కట్టినం తమ్మీ. కప్పులు, ఎక్కువ గోల్స్ కొట్టినోళ్లు, ఎక్కువ మ్యాచ్‌లు ఆడినోళ్లు, అన్నీ. రికార్డు ఉన్నోళ్లందర్నీ పిలుస్తున్నం. నీ పేరు గూడ ఉన్నది. ఫ్యామిలీతోని రా."

వేణు ఆ రాత్రి ప్రేమలతతో, "ఆడింది ఒక్క మ్యాచే గదా, నాకేం రికార్డున్నదే?" అన్నాడు. "వేలిరిగినా ఆడినవని యాదికి పెట్టుకున్నట్టున్నరు" అంది ఆమె. అతనూ అదే నమ్మాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఎనిమిదేళ్ల కూతురు తేజస్వినిని కూడా తీసుకుని హైదరాబాద్ వెళ్లారు.

హాలు నిండా జనం. ఎక్కువ గోల్స్ కొట్టినతనికి శాలువా కప్పారు. ఎక్కువ మ్యాచ్‌లు ఆడినతనికి వెండి పళ్లెం ఇచ్చారు. తర్వాత లైట్లు ఆర్పి తెర మీద వీడియో వేశారు. పదకొండు గోల్స్, ఒకదాని వెంట ఒకటి, వెనకాల జోకర్ మ్యూజిక్. వేణు పడుతున్నాడు, లేస్తున్నాడు, మళ్లీ పడుతున్నాడు. నాలుగో గోల్ నుంచి హాలంతా గొంతు కలిపి లెక్కపెట్టింది. మైకు సంజీవ్ చేతిలో ఉంది. "క్లబ్ చరిత్రల అన్నిటికన్న పెద్ద ఓటమి! మన వేణు!" అని పిలిచి, బంగారు రంగు వేసిన జల్లెడ అతని చేతుల్లో పెట్టాడు.

వేణు నవ్వాడు. నమస్కారం కూడా పెట్టాడు. ముందు వరుసలో తేజస్విని లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది.

భోజనాల దగ్గర అతను సంజీవ్‌ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఆ దినం మీరెందుకు ఉరకలే?"

"కోచ్‌ని పంపియ్యాలనుకున్నం. గట్ల ఓడితేనే పోతడని" అన్నాడు సంజీవ్, బిర్యానీ తింటూనే. "పోయిండు గూడ."

"మరి నేను?"

సంజీవ్ నిజంగానే ఆలోచించాడు. "గోల్‌ల నువ్వున్నవని మాకెవలికి యాది లేదు తమ్మీ" అన్నాడు. తర్వాత భుజం మీద చరిచి, "అయినా నీ పేరు గోడ మీద పడ్డది. కెప్టెన్‌గ చేసిన, నా పేరే లేదు గద" అన్నాడు. ఆ మాటలో కొంచెం ఏడుపు కూడా ఉంది.

బస్సులో తేజస్విని జల్లెడను ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. ప్రేమలత కిటికీలోంచి చూస్తూ, "ఎందుకు నవ్వినవ్?" అని అడిగింది. అతను జారిపోతున్న కూతురి తలను భుజానికి ఆనించుకున్నాడు.

సోమవారం ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా జల్లెడను బడికి తీసుకెళ్లింది, నాన్నకు వచ్చిన ప్రైజ్ అని. అప్పటికే ఆ వీడియో ఊళ్లో అందరి ఫోన్లలోకి వచ్చింది. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చింది. అన్నం తినేటప్పుడు తల ఎత్తకుండా, "నాన్నా, రేపటి నుంచి నువ్వు దింపద్దు. నేను ఆటోల పోత" అంది.

"ఎందుకు బిడ్డా?"

"ఊకెనే."

మరుసటి సంవత్సరం ఒక ఆదివారం వేణు కిలో మటన్ తెచ్చాడు. ప్రేమలత ఆశ్చర్యపోయింది.

"ఏంది ఇయ్యాల?"

"మూసీకి పన్నెండు పడ్డయే! నిన్న!" అతని ముఖం వెలిగిపోతోంది. "రికార్డు పోయింది. గోల్‌ల ఎవడో బీదర్ పిల్లగాడట, పందొమ్మిదేండ్లట. ఆఖరికి గ్రౌండ్ల కూసోని ఏడ్సిండు. సూస్తవా?"

ఆమె ఫోన్ అందుకోలేదు. "వాని తల్లి గూడ సూసి ఉంటది" అంది.

"నాకేందే? నన్ను సూసి ఎవలన్న ఆగిండ్రా?"

ఆమె వండి పెట్టింది. వేణు ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టుకుని, ఆ కుర్రవాణ్ని చూస్తూ తిన్నాడు. మధ్యమధ్య నవ్వాడు. కూర ఇంకొంచెం వేయమని పళ్లెం ముందుకు జరిపాడు.